గోల్స్ తక్కువ, పరుగు ఎక్కువ: కష్టపడే స్ట్రైకర్ వెళ్లిపోతే అభిమానులు ఎందుకు రెండుగా చీలుతారు?

క్లుప్తంగా: పరిమిత నైపుణ్యంతో, ఎడతెగని శ్రమతో ఆడే ఫుట్‌బాల్ స్ట్రైకర్‌ను (గోల్స్ చేయడమే ప్రధాన పనైన ముందు వరుస ఆటగాడిని) క్లబ్ వదులుకున్నప్పుడు అభిమానుల్లో ఒక వర్గం ఊపిరి పీల్చుకుంటుంది, మరో వర్గం బాధపడుతుంది. అతని వైఫల్యాలు అతని పేరిట, అతని శ్రమ ఫలితాలు సహచరుల పేరిట నమోదు కావడమే ఈ చీలికకు ప్రధాన మూలం. క్లబ్ యాజమాన్యాలు మాత్రం వయసును, కాంట్రాక్ట్‌ను, ఖాతా పుస్తకాల్లో మిగిలిన విలువను చూసి నిర్ణయం తీసుకుంటాయి. అతను వెళ్లాక జట్టుకు కలిగే నష్టం అతని గోల్స్ మీద కంటే, అతను చేసిన పనిని తర్వాత ఎవరు చేశారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

గొప్ప స్ట్రైకర్ క్లబ్ మారితే అభిమానుల స్పందనను ముందే ఊహించవచ్చు. కోపం, విచారం, కొన్నిచోట్ల ద్రోహమన్న ఆరోపణ వినిపిస్తాయి. ఏమాత్రం రాణించని స్ట్రైకర్ వెళ్లిపోతే దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఈ ఇద్దరికీ మధ్య మరో రకం ఆటగాడు ఉన్నాడు. తొంభై నిమిషాలూ పరుగెడతాడు, ప్రత్యర్థి డిఫెండర్లను ఊపిరి తిప్పుకోనివ్వడు, ప్రత్యర్థికి కార్నర్ దొరికితే తన గోలు దాకా వెనక్కి వచ్చి బంతిని తలతో బయటికి కొడతాడు. అయితే గోల్‌కీపర్‌తో ముఖాముఖి అయిన క్షణంలో బంతి ఎటు వెళ్తుందో అతనికే తెలియదన్నట్టు ఉంటుంది. అలాంటివాడు వెళ్తున్నాడన్న ప్రకటన వెలువడిన రోజున ఒకే జట్టు అభిమానులు రెండు జట్లుగా విడిపోతారు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. అతను చేజార్చిన అవకాశాలకు వారం వారం తల పట్టుకున్నవారే చివరి మ్యాచ్‌లో లేచి నిలబడి చప్పట్లు కొడతారు. దీన్ని మతిమరుపు అని కొట్టిపారేయడం తేలికే గాని, ఆటలో గణాంకాలు నమోదయ్యే పద్ధతిని, గత ముప్పై ఏళ్లలో స్ట్రైకర్ పని మారిన తీరును, బదిలీల వెనకున్న ఆర్థిక లెక్కలను కలిపి చూస్తే ఆ రెండు స్పందనలకూ ఆధారం కనిపిస్తుంది.

రెండు ఖాతాల లెక్క

ఫుట్‌బాల్‌లో ఒక మనిషి పేరిట స్పష్టంగా, వివాదం లేకుండా నమోదయ్యేది గోలు. దాని తర్వాతి స్థానం గోలుకు దారితీసిన చివరి పాస్‌ది. అంతకు ముందు జరిగినదంతా క్రమంగా మసకబారిపోతుంది. ఒక ఉదాహరణ ఊహించవచ్చు. స్ట్రైకర్ పరుగెత్తి ప్రత్యర్థి సెంటర్ బ్యాక్‌ను (మధ్యలో ఆడే డిఫెండర్‌ను) ఒత్తిడిలో పడేస్తాడు. ఆ కంగారులో వేసిన చెడ్డ పాస్‌ను వెనకున్న మిడ్‌ఫీల్డర్ అందుకుంటాడు, అతను మైదానం అంచు వెంట ఆడే వింగర్‌కు ఇస్తాడు, వింగర్ క్రాస్‌ను రెండో ఫార్వర్డ్ గోలుగా మలుస్తాడు. గణాంకాల్లో బంతిని అడ్డుకున్న ఘనత మిడ్‌ఫీల్డర్‌ది, పాస్ వింగర్‌ది, గోలు రెండో ఫార్వర్డ్‌ది. అంతా మొదలుపెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. అదే స్ట్రైకర్ అరగంట తర్వాత ఆరు గజాల దూరం నుంచి బంతిని బార్ మీదుగా పంపితే, ఆ తప్పు మాత్రం పూర్తిగా అతని ఖాతాలోనే పడుతుంది, రాత్రి ముఖ్యాంశాల్లో మూడుసార్లు తిరిగి కనిపిస్తుంది.

డిఫెండర్‌తో దేహబలంతో పోటీపడి పొడవైన బంతిని ఆపి పెట్టడం, తలతో దించిన బంతిని సహచరుడికి అందించడం, అవసరం లేని చోటికి పరుగెత్తి ఇద్దరు డిఫెండర్లను తన వెంట తీసుకుపోవడం, అలసిన జట్టుకు కాస్త విశ్రాంతి దొరికేలా ఫౌల్ సంపాదించడం కూడా ఇలాంటి పనులే. వీటి ఫలితం ఎప్పుడూ పక్కవాడి ఆటలోనే కనిపిస్తుంది.

దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ 2018 ప్రపంచ కప్. ఫ్రాన్స్ తన తొలి మ్యాచ్‌ను ఆస్ట్రేలియాపై గ్రీజ్‌మన్, ఎంబాపె, డెంబెలేలతో, అసలైన సెంటర్ ఫార్వర్డ్ (మధ్యలో ఆడే ప్రధాన స్ట్రైకర్) లేకుండా మొదలుపెట్టింది. దాడి కుదురుకోకపోవడంతో కోచ్ దిదియే దెషాంప్ ఒలివియర్ జిరూను మైదానంలోకి దించాడు, తర్వాతి మ్యాచ్ నుంచి మొదటి పదకొండు మందిలో ఉంచాడు. జిరూ ఏడు మ్యాచ్‌లలోనూ ఆడాడు. కానీ అతను కొట్టిన షాట్లలో ఒక్కటి కూడా గోల్‌కీపర్ ఆపాల్సినంత సూటిగా వెళ్లలేదు. గ్రీజ్‌మన్, ఎంబాపె చెరో 4 గోల్స్ సాధించారు, ఫ్రాన్స్ కప్ గెలిచింది. ఒక్క షాట్ కూడా లక్ష్యం మీదికి పంపని సెంటర్ ఫార్వర్డ్‌ను టోర్నీ అంతా కొనసాగించడం మొండితనమా, తెలివైన ఎంపికా అన్న చర్చ ఫైనల్ దాకా సాగింది.

అంతకు రెండు దశాబ్దాల ముందు నుంచే ఇంగ్లండ్‌లో ఎమిల్ హెస్కీ పేరు మీద ఇదే చర్చ నడిచింది. ఇంగ్లండ్ తరఫున 62 మ్యాచ్‌లలో 7 గోల్స్ అన్నది సెంటర్ ఫార్వర్డ్‌కు బలహీనమైన లెక్క. అయినా వరుసగా వచ్చిన మేనేజర్లు అతన్ని పిలుస్తూనే ఉన్నారు. 2001లో మ్యూనిక్‌లో జర్మనీపై 5-1 తేడాతో గెలిచిన మ్యాచ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మైకేల్ ఓవెన్ హ్యాట్రిక్. ఆ హ్యాట్రిక్‌లో రెండో గోలు హెస్కీ తలతో దించి ఇచ్చిన బంతి నుంచే వచ్చింది. చివరిదైన ఐదో గోలు హెస్కీదే అన్న సంగతి క్విజ్ ప్రశ్నలకే పరిమితమైంది. అభిమానుల అంచనాకూ, పక్కన ఆడేవారి, ఆడించేవారి అంచనాకూ ఇంత దూరం ఉన్న ఆటగాళ్లు అరుదు. ఆ దూరానికి కారణం అభిరుచి భేదం కాదు. రెండు వర్గాలూ రెండు వేర్వేరు ఖాతాలను చదువుతున్నాయి.

నియమాలు పెంచిన గిరాకీ

స్ట్రైకర్ నుంచి ఇంత పరుగును ఆశించడం ఆటలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1992లో వచ్చిన బ్యాక్‌పాస్ నియమం దీనికి ఒక మలుపు. అంతవరకు డిఫెండర్‌పై ఒత్తిడి పెరిగితే బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కి తన్నేవాడు, కీపర్ దాన్ని చేతుల్లోకి తీసుకుంటే ప్రమాదం ముగిసేది. సహచరుడు ఉద్దేశపూర్వకంగా కాలితో పంపిన బంతిని కీపర్ చేత్తో తాకకూడదన్న నిబంధన వచ్చాక, ఆ వెనకడుగు పాస్ వెంట పరుగెత్తడానికి ఒక అర్థం ఏర్పడింది. కీపర్ కంగారుగా తన్నిన బంతి బయటికి పోయినా, సగం దూరంలో పడినా లాభమే.

రెండో మలుపు 2019లో వచ్చింది. గోల్ కిక్ తీసుకున్నప్పుడు బంతి పెనాల్టీ ఏరియా (గోలు ముందు గీతలు గీసిన ప్రాంతం) దాటాకే సహచరుడు తాకాలన్న పాత షరతును నిబంధనల సంఘం తొలగించింది. దాంతో డిఫెండర్లు తమ గోలు ముంగిటే నిలబడి బంతిని అందుకుని, అక్కడి నుంచి చిన్న పాస్‌లతో ఆటను నిర్మించడం విస్తరించింది. ఇలా ఆడే జట్టును దెబ్బతీయడానికి తొలి కావలివాడు స్ట్రైకరే. అతను ఎటు నుంచి ఎంత వంపు తిరిగి పరుగెత్తితే సెంటర్ బ్యాక్‌కు ఒకే దిక్కు మిగులుతుందన్నది ఇప్పుడు శిక్షణలో ప్రత్యేకంగా నేర్పే విషయం. ప్రత్యర్థిని ఎన్ని పాస్‌లు వేయనిచ్చాక బంతి కోసం పోటీపడుతున్నారో కొలిచే పీపీడీఏ వంటి సూచికలు అంతకు కొన్నేళ్ల ముందే పుట్టుకొచ్చాయి.

అయితే మరో నియమం ఈ గిరాకీని కొంత వెనక్కి లాగుతోంది. 2020లో తాత్కాలికంగా మొదలై 2022లో శాశ్వతమైన ఐదు సబ్‌స్టిట్యూట్ల వెసులుబాటు వల్ల, తొంభై నిమిషాలు ఒకే మనిషి పరుగెత్తవలసిన అవసరం తగ్గింది. అరవై నిమిషాలు ఒకరు, ముప్పై నిమిషాలు మరొకరు పూర్తి వేగంతో ఒత్తిడి పెంచితే సరిపోతుంది. అలుపెరుగని దమ్ము ఒక్కటే పెట్టుబడిగా ఉన్న ఆటగాడి విలువ దీనితో కొంత పలచబడింది. ఇటీవలి కాలంలో అలాంటి స్ట్రైకర్లు మొదటి పదకొండు మంది నుంచి బెంచీకి, బెంచీ నుంచి బదిలీ జాబితాకు చేరడం వెనక ఈ నియమం పాత్ర కూడా ఉంది. అభిమానుల చర్చల్లో ఇది దాదాపుగా వినపడదు.

కళ్లకు కనిపించే శ్రమ

అభిమాని మైదానంలో దేన్ని గుర్తిస్తాడన్నది తర్వాతి ప్రశ్న. 2004లో జస్టిన్ క్రూగర్, అతని సహచర మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే కవితను, ఒకే చిత్రాన్ని చూపి, దాని తయారీకి ఎక్కువ సమయం పట్టిందని చెప్పినప్పుడు చూసేవారు దానికి ఎక్కువ నాణ్యతను ఆపాదించారు. నాణ్యతను నేరుగా తేల్చడం కష్టమైనప్పుడు మనిషి శ్రమను కొలమానంగా వాడుకుంటాడన్నది వారి నిర్ధారణ. స్టాండ్‌లో కూర్చున్నవారికి ఒక స్ట్రైకర్ కదలిక వ్యూహపరంగా సరైనదో కాదో తేల్చడం కష్టం. అతను చెమటోడ్చుతున్నాడా లేదా అన్నది మాత్రం చివరి వరుస నుంచి కూడా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. చప్పట్లు పడే పరుగు, పనికొచ్చే పరుగు ఎప్పుడూ ఒకటి కావు. టచ్‌లైన్ దాటిపోతున్న బంతి కోసం నలభై గజాలు పరుగెత్తి జారిపడితే స్టేడియం లేచి నిలబడుతుంది. అదే ఆటగాడు నాలుగడుగులు పక్కకు జరిగి ప్రత్యర్థి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌కు పాస్ దారి మూసేస్తే ఎవరూ గమనించరు, నిజానికి ఆ మ్యాచ్‌లో ఎక్కువ విలువైన కదలిక అదే కావచ్చు. కాబట్టి శ్రమను మెచ్చుకునే అభిమాని కూడా కొన్నిసార్లు తప్పుడు శ్రమనే మెచ్చుకుంటాడు. అతని వీడ్కోలుకు బాధపడేవారి వాదనలో బలహీనమైన చోటు ఇదే.

ఆ వాదనలో బలమైన భాగం వేరే ఉంది. పొరపాటు చేశాక ఆటగాడు ఏం చేస్తాడన్నది అభిమానులు చాలా కచ్చితంగా గుర్తుపెట్టుకుంటారు. 2013 జనవరిలో చెల్సీ చేతిలో స్టోక్ సిటీ సొంత మైదానంలో 0-4తో ఓడిన మ్యాచ్‌లో స్టోక్ ఫార్వర్డ్ జొనాథన్ వాల్టర్స్ రెండుసార్లు బంతిని తన గోలులోకే పంపాడు, చివర్లో పెనాల్టీని కూడా చేజార్చాడు. ఒక ఫార్వర్డ్‌కు ఇంతకంటే దుర్దినం ఊహించడం కష్టం. అయితే ఆ సొంత గోల్స్ రెండూ పడింది అతను గోలును కాపాడటానికి వెనక్కి పరుగెత్తుకొచ్చిన సందర్భాల్లోనే. ఫార్వర్డ్ తన పెనాల్టీ ఏరియాలో ఉండకపోతే సొంత గోలు చేసే అవకాశం దాదాపు లేదు. స్టోక్ మద్దతుదారులు ఆ మ్యాచ్ తర్వాత కూడా అతన్ని దూరం పెట్టలేదు. 2017లో అతను వెళ్లేటప్పుడు, ఆ క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో (ఇంగ్లండ్ అగ్ర డివిజన్‌లో) ఉన్న కాలపు స్వభావానికి ప్రతిరూపంగానే అతన్ని చెప్పుకున్నారు.

గోల్స్ సంఖ్య తక్కువైనా అవి పడిన సందర్భం మరో కారణం. లివర్‌పూల్‌లో ఆరు సీజన్లు ఆడిన డిర్క్ కౌట్ మొత్తం 71 గోల్స్ చేశాడు. నెదర్లాండ్స్‌లో ఫెయనూర్డ్ తరఫున 2004-05లో 29 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన సెంటర్ ఫార్వర్డ్ ఇంగ్లండ్‌కు వచ్చాక క్రమంగా కుడి అంచుకు మారి, డిఫెన్స్‌కు సాయపడే శ్రామికుడయ్యాడు. కానీ 2007 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో చెల్సీపై గెలిపించిన చివరి షూటౌట్ కిక్ అతనిదే, ఆ ఏడాది ఫైనల్లో మిలాన్‌పై లివర్‌పూల్ చేసిన ఒకే ఒక్క గోలు అతనిదే, 2011 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్‌పై హ్యాట్రిక్ కూడా అతనిదే. అభిమాని జ్ఞాపకం సగటును దాచుకోదు. కౌట్ వంటి ఆటగాడి సగటు సాధారణంగా ఉండి, శిఖరాలు మాత్రం ఎత్తుగా ఉండటం వల్ల, వెళ్లిపోయేనాటికి గుర్తుండేవి శిఖరాలే.

క్లబ్ చూసే లెక్క

అభిమానులు చర్చించేది ఆట గురించి. క్లబ్ నిర్ణయం చాలావరకు కాలం గురించి. ఈ వ్యాసంలో వచ్చే కొన్ని బదిలీల వయసులు పక్కపక్కన పెడితే ఒక వరస కనిపిస్తుంది. ఆర్సెనల్‌ను వీడినప్పుడు జిరూకు 31, లివర్‌పూల్‌ను వీడినప్పుడు కౌట్‌కు 31, బర్న్‌లీని వీడినప్పుడు స్ట్రైకర్ క్రిస్ వుడ్‌కు 30, స్టోక్‌ను వీడినప్పుడు వాల్టర్స్‌కు 33 ఏళ్లు. ముప్పై దాటాక మొదట తగ్గేది పదే పదే పూర్తి వేగంతో పరుగెత్తగల సామర్థ్యం. నైపుణ్యం మీద బతికే ఆటగాడికి వేగం తగ్గినా వెనక్కి జరిగి పాస్‌లు ఇచ్చే చోటు దొరుకుతుంది. శ్రమ మీదే బతికే ఆటగాడికి అలాంటి రెండో ఇల్లు లేదు. అందువల్ల అభిమానుల కళ్లకు అతను ఇంకా పూర్తిగా పనికొస్తున్న సమయంలోనే క్లబ్ అమ్మకానికి సిద్ధపడుతుంది.

దీనికి పుస్తకాల లెక్క తోడవుతుంది. ఆటగాడి కొనుగోలు ధరను క్లబ్బులు కాంట్రాక్ట్ కాలం మీద సమానంగా పంచి ఖర్చు రాస్తాయి. రెండు కోట్ల పౌండ్లకు ఐదేళ్ల కాంట్రాక్ట్‌పై వచ్చిన ఊహాజనిత స్ట్రైకర్ విలువ ఏటా 40 లక్షల చొప్పున తరిగి, నాలుగేళ్ల తర్వాత పుస్తకాల్లో 40 లక్షలే మిగులుతుంది. అప్పుడు 70 లక్షలకు అమ్మినా లెక్కల్లో 30 లక్షల లాభమే. కొన్న ధరతో పోల్చి ఇంత చౌకగా అమ్మారేమిటని అభిమాని ఆశ్చర్యపోయే చోట, క్లబ్ వార్షిక నివేదికలో లాభం చూపుతుంది. ఇంకో ఏడాది ఆగితే, 1995 నాటి బోస్మన్ తీర్పు ప్రకారం కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు రుసుము లేకుండా వెళ్లిపోవచ్చు. సొంత అకాడమీలో పెరిగిన ఆటగాడికి పుస్తకాల్లో కొనుగోలు ధరే ఉండదు గనుక, అతన్ని అమ్మితే వచ్చేదంతా లాభమే. అభిమానులు తమవాడిగా భావించే స్థానిక కుర్రాడే ఆర్థిక విభాగానికి అత్యంత అనుకూలమైన సరుకుగా మారడం ఈ పద్ధతిలోని చేదు వైచిత్రి.

కొన్నిసార్లు క్లబ్‌కు ఎంపికే ఉండదు. 2022 జనవరిలో న్యూకాజిల్ యునైటెడ్, వుడ్ కాంట్రాక్ట్‌లోని విడుదల నిబంధన ప్రకారం 2.5 కోట్ల పౌండ్లు చెల్లించి అతన్ని తీసుకుంది. ఆ మొత్తం ముందుంచాక నిరాకరించే హక్కు బర్న్‌లీకి లేదు. రెండు జట్లూ అప్పుడు లీగ్ నుంచి కిందికి పడిపోకుండా ఉండేందుకు పోరాడుతున్నాయి. ప్రత్యర్థి బలాన్ని తగ్గించడం కూడా ఆ కొనుగోలులో భాగమేనన్న అభిప్రాయం అప్పట్లో బలంగా వినిపించింది.

వెళ్లాక ఏం జరిగింది

ఎవరి వాదన నెగ్గిందో తేల్చడానికి ఆ తర్వాతి ఫలితాలను చూడటం సహజం. కానీ అవి ఒకే దిక్కు చూపవు.

బర్న్‌లీ ఉదంతం బాధపడ్డ వర్గానికి అనుకూలంగా కనిపిస్తుంది. వుడ్ అంతకు ముందు వరుసగా నాలుగు ప్రీమియర్ లీగ్ సీజన్లలో 10 గోల్స్‌కు తగ్గలేదు, అయితే ఆ సీజన్‌లో 17 మ్యాచ్‌లలో 3 మాత్రమే చేశాడు. అతని స్థానంలో వచ్చిన నెదర్లాండ్స్ స్ట్రైకర్ వౌట్ వెగోర్స్ట్ 20 లీగ్ మ్యాచ్‌లలో 2 గోల్స్ చేశాడు. బర్న్‌లీ 35 పాయింట్లతో దిగువ డివిజన్‌కు పడిపోయింది, దాని పై స్థానంలో నిలిచి బతికిపోయిన లీడ్స్‌కు 38 పాయింట్లు. తేడా ఒక్క విజయం. అయితే వుడ్ వెళ్లేనాటికే బర్న్‌లీ ఆడిన 17 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. న్యూకాజిల్‌లో వుడ్ కూడా ఆ సీజన్‌లో చేసింది 2 గోల్సే, అయినా ఆ జట్టు 11వ స్థానానికి ఎగబాకింది. గోల్స్ లెక్కన రెండు క్లబ్బులకూ దాదాపు ఒకే ఫలితం వచ్చింది. మారిందల్లా వుడ్ చుట్టూ ఉన్న జట్టు.

వుడ్ కథ అక్కడితో ఆగలేదు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లాక, వేగంగా ఎదురుదాడి చేసి పెనాల్టీ ఏరియాలోకి క్రాస్‌లు పంపే వింగర్ల మధ్య, 2024-25 సీజన్‌లో 20 లీగ్ గోల్స్ చేశాడు. అప్పటికి అతనికి 33 ఏళ్లు. ఫారెస్ట్ 7వ స్థానంలో ముగించింది. పరిమిత నైపుణ్యం అన్న ముద్ర ఎంతవరకు ఆటగాడిది, ఎంతవరకు అతనికి అందే బంతులది అన్న ప్రశ్నను ఆ సీజన్ తిరగరాసింది.

లివర్‌పూల్ ఉదంతం ఎదురు దిక్కు చూపుతుంది. కౌట్ అక్కడ తన చివరి లీగ్ సీజన్ 2011-12లో 2 గోల్స్ చేశాడు, జట్టు మొత్తం 47 చేసింది. అతను ఫెనెర్‌బాచేకు వెళ్లాక వచ్చిన సీజన్‌లో జట్టు 71 గోల్స్ చేసింది. ఊపిరి పీల్చుకున్న వర్గానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ వేసవిలో కౌట్‌తో పాటు బెల్లమీ, మాక్సీ రోడ్రిగెజ్ వెళ్లారు, ఆండీ కారోల్‌ను లోన్ మీద (తాత్కాలికంగా) వేరే క్లబ్‌కు పంపారు, బదిలీల గడువు ముగిసేలోపు అతనికి బదులు ఆటగాడు దొరకలేదు. శరదృతువంతా దాడి భారం దాదాపుగా సువారెజ్ మీదే పడింది. జనవరిలో స్టరిడ్జ్, కుటినో వచ్చాకే ఆ గోల్స్ ప్రవాహం పూర్తిగా మొదలైంది. కౌట్‌ను వదులుకోవడం కంటే, వదులుకున్న ఖాళీని నాలుగు నెలలు అలాగే ఉంచడమే అసలు పొరపాటు.

మాంచెస్టర్ యునైటెడ్ 2014 సెప్టెంబర్ 1న తీసుకున్న నిర్ణయం ఈ చర్చకు పాఠ్యపుస్తకం లాంటిది. నగరంలోనే పుట్టి, అకాడమీలో పెరిగి, 142 మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసిన డానీ వెల్‌బెక్‌ను 1.6 కోట్ల పౌండ్లకు ఆర్సెనల్‌కు అమ్మింది. అదే రోజు ప్రపంచ ప్రఖ్యాత గోల్ వేటగాడు రాడమెల్ ఫాల్కావోను మొనాకో నుంచి లోన్ మీద తెచ్చింది. తోటి స్ట్రైకర్లు రూనీ, వాన్ పెర్సీల స్థాయి గోల్స్ చరిత్ర వెల్‌బెక్‌కు లేదన్నది మేనేజర్ లూయీ వాన్ హాల్ బహిరంగంగా చెప్పిన కారణం. ఫాల్కావో ఆ సీజన్ లీగ్‌లో 4 గోల్స్ చేసి వెళ్లిపోయాడు. వెల్‌బెక్ 2015 మార్చిలో యునైటెడ్ సొంత మైదానంలోనే ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో విజయ గోలు చేసి ఆర్సెనల్‌ను సెమీస్‌కు చేర్చాడు. ఆ రాత్రి బాధపడ్డ వర్గం గెలిచినట్టే కనిపించింది. కానీ తర్వాతి సంవత్సరాల్లో మోకాలి, చీలమండ గాయాలతో వెల్‌బెక్ ఆర్సెనల్‌లో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అమ్మిన నిర్ణయం తప్పు కాకపోవచ్చు, బదులుగా ఎంచుకున్న మనిషి తప్పు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, కానీ అభిమానుల వాదనల్లో ఎప్పుడూ కలిసిపోతాయి.

స్టోక్ విషయంలో కార్యకారణ సంబంధాన్ని అతిగా చదివే ప్రమాదం ఉంది. వాల్టర్స్ బర్న్‌లీకి వెళ్లిన మరుసటి సీజన్‌లోనే స్టోక్ 19వ స్థానంతో ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. కథగా చూస్తే చక్కగా అమరుతుంది. కానీ వరుసగా మూడేళ్లు 9వ స్థానంలో నిలిచిన స్టోక్, వాల్టర్స్ ఉన్న చివరి సీజన్‌లోనే 13వ స్థానానికి జారింది. వాల్టర్స్ కూడా బర్న్‌లీలో గాయాల వల్ల అతి కొద్ది మ్యాచ్‌లే ఆడగలిగాడు, 2019లో రిటైరయ్యాడు. అతను ఉండిపోయినా మైదానంలో ఉండేవాడు కాదు. తర్వాత స్టోక్ అతన్ని ఆటగాళ్ల ఎంపికను చూసే పదవిలోకి తిరిగి పిలవడాన్ని బట్టి, అతని విలువను క్లబ్ చివరికి వేరే చోట వెతుక్కుందని చెప్పవచ్చు.

బదులు వచ్చినవాడు ఎక్కువ గోల్స్ చేసినా సమస్య తీరకపోవచ్చని ఆర్సెనల్ అనుభవం చెబుతుంది. 2018 జనవరి 31న జిరూను చెల్సీకి పంపిన రోజే ఆర్సెనల్ కొత్త స్ట్రైకర్‌గా ఒబమెయాంగ్‌ను ప్రకటించింది. వేగంలో, గోల్స్‌లో కొత్తవాడు మెరుగన్న దానిపై పెద్దగా వివాదం లేదు. కానీ పొడవైన బంతిని ఛాతీ మీద ఆపి పక్కవాడికి అందించే పని చేసే మనిషి జట్టులో మిగల్లేదు. పదహారు నెలల తర్వాత బాకూలో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్లో చెల్సీ 4-1తో ఆర్సెనల్‌ను ఓడించింది. తొలి గోలు జిరూదే, 11 గోల్స్‌తో ఆ టోర్నీలో అగ్రస్థానమూ అతనిదే.

వీడ్కోలు తీరు

స్పందన తీవ్రతను ఆటగాడి విలువ కంటే వెళ్లిన పద్ధతి ఎక్కువగా నిర్ణయించే సందర్భాలూ ఉన్నాయి. జిరూ జీవితంలోనే రెండు నమూనాలు దొరుకుతాయి. ఆర్సెనల్‌లో 253 మ్యాచ్‌లు ఆడి 105 గోల్స్ చేసినవాడు గడువు చివరి రోజున, సొంత మైదానంలో వీడ్కోలు మ్యాచ్ లేకుండా, అదే నగరంలోని ప్రత్యర్థి క్లబ్‌కు వెళ్లిపోయాడు. మిలాన్ నుంచి 2024 మేలో వెళ్లేటప్పుడు సీజన్ ముగియక ముందే నిర్ణయం ప్రకటించాడు, సాన్ సిరోలో చివరి మ్యాచ్ రోజున స్టేడియం అంతా అతనికి వీడ్కోలు పలికింది. మొదటి సందర్భంలో వాదన నెలల తరబడి సాగింది, రెండోదానిలో కృతజ్ఞతే ముందుకొచ్చింది. చెప్పి వెళ్లినవాడి విషయంలో అభిమానులు జ్ఞాపకాలు పంచుకుంటారు, చెప్పకుండా పోయినవాడి విషయంలో లెక్కలు తీస్తారు.

కొత్త సీజన్‌లో ఎక్కడ చూడాలి

అలాంటి స్ట్రైకర్ లేని లోటు జట్టులో ఎక్కడ బయటపడుతుందో ముందుగా చెప్పడం కొంతవరకు సాధ్యమే. మొదటి సూచన వింగర్ల గోల్స్. సెంటర్ బ్యాక్‌లను తన మీదికి లాక్కునే మనిషి లేకపోతే అంచుల నుంచి లోపలికి వచ్చేవారికి దొరికే ఖాళీ తగ్గుతుంది. మాంచెస్టర్ యునైటెడ్‌లో 2023 తొలి అర్ధభాగంలో లోన్ మీద ఆడిన వెగోర్స్ట్ 17 లీగ్ మ్యాచ్‌లలో ఒక్క గోలూ చేయలేదు. అయినా అతన్ని ముందు వరుసలోను, దాని వెనక స్థానంలోను వాడిన మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ జట్టులో వింగర్ రాష్‌ఫర్డ్ ఆ సీజన్‌ను అన్ని పోటీల్లో కలిపి 30 గోల్స్‌తో ముగించాడు, లీగ్ కప్ ఫైనల్లో రెండో గోలుకు రాష్‌ఫర్డ్‌కు పాస్ ఇచ్చింది వెగోర్స్టే.

రెండో సూచన బంతిని తిరిగి చేజిక్కించుకునే చోటు. అది ప్రత్యర్థి సగం నుంచి మధ్య గీత వైపు జారుతోందంటే మొదటి కావలి బలహీనపడిందని అర్థం. పొడవైన బంతి పడ్డాక రెండో బంతిని (తొలి పోటీలో ఎవరికీ చిక్కకుండా విడిపోయిన బంతిని) ఎవరు అందుకుంటున్నారన్నది మూడోది, ముఖ్యంగా ఆధిక్యంలో ఉన్న చివరి పావుగంటలో.

నాలుగోదాన్ని స్ట్రైకర్ల గురించి రాసేవారు తరచు మరిచిపోతారు. ప్రత్యర్థి కార్నర్ తీసుకునేటప్పుడు దగ్గరి పోస్ట్ వద్ద నిలబడి తొలి బంతిని తలతో బయటికి పంపే బాధ్యత చాలా జట్లలో పొడవాటి సెంటర్ ఫార్వర్డ్‌దే. అతను వెళ్లాక ఆ చోటును భర్తీ చేయడం ఎవరి బదిలీ ప్రకటనలోనూ ఉండదు. ఆగస్టులో తొలి మ్యాచ్‌లో, ప్రత్యర్థికి మొదటి కార్నర్ దొరికినప్పుడు ఆ పోస్ట్ దగ్గరికి ఎవరు పరుగెత్తారో, అసలు ఎవరైనా పరుగెత్తారో లేదో చూస్తే, కొత్త స్ట్రైకర్ తొలి గోలు కోసం ఎదురుచూడకుండానే క్లబ్ పాతవాడి పనిని ఎంతవరకు అర్థం చేసుకుందో తెలుస్తుంది.